చాకు పిడి మీద ఓడ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "మీరు అమెరికాలో నలభయ్యేళ్లు ఉన్నారు, పిల్లలకు స్ఫూర్తి కలిగేలా ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. స్ఫూర్తి సంగతి నాకు తెలియదండీ. నేను కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఫ్యాక్టరీలో అచ్చులు, డైలు గీసే ఇంజనీరుగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. కంపెనీ పెట్టలేదు, పేటెంటు తీయలేదు. "మరి దేని గురించి మాట్లాడతారు?" అని అడిగారు. "చాకుల గురించి" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా "కత్తుల గురించా సార్?" అన్నారు. మా ప్రాంతం సినిమాల ప్రభావం మనుషుల మీద ఎంతుందో అప్పుడర్థమైంది.

కత్తులు కాదు. జేబులో పెట్టుకునే మడత చాకులు. పెన్సిలు చెక్కుకునేవి, జామకాయ కోసుకునేవి. అందులోనూ ఒక రకం: పిడి తెల్లగా ఉండి, ఆ తెలుపు మీద సూదితో గీసి, గీతల్లో నల్ల సిరా పట్టించి వేసిన బొమ్మ ఉన్నవి. ఓడ, తిమింగలం, గద్ద, జింక, ఎవరో ఒక ఇల్లాలు. ఈ పనిని ఇంగ్లీషులో స్క్రిమ్‌షా అంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ల పండితులే తేల్చుకోలేకపోయారు. ముప్ఫయ్యయిదేళ్లుగా నేను పోగుచేసినవి ఇలాంటివి నలభయ్యారు ఉన్నాయి. మా ఆవిడ లెక్క ప్రకారం నలభయ్యారు ఎక్కువ.

ఇది నాకు ఎక్కడ పట్టుకుందో చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగతాది మాట్లాడే ధైర్యం నాకు చాలదు.

మొదట ఈ పని సంగతి. రెండు వందల ఏళ్ల కిందట అమెరికా ఈశాన్య తీరంలో నంటుకెట్, న్యూ బెడ్‌ఫర్డ్ అని రెండు రేవులుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి నుంచి తిమింగలాల వేటకు ఓడలు బయల్దేరేవి. వేటంటే మాంసం కోసం కాదు, నూనె కోసం. కిరోసిన్ రాకముందు ఆ దేశాల్లో దీపాలు వెలిగింది, యంత్రాలు తిరిగింది ఆ నూనెతోనే. ఒకసారి ఓడ ఎక్కితే మూడేళ్లు, నాలుగేళ్లు ఇంటి మొహం చూడరు. తిమింగలం కనిపించిన రోజున ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పని. కనిపించకపోతే వారాల తరబడి పనే లేదు. పనిలేని మగవాళ్లు ముప్ఫైమంది ఒక చెక్క డొక్కులో. ఏం చేస్తారు?

స్పెర్మ్ వేల్ అనే జాతి తిమింగలానికి కింది దవడలో జానెడేసి పళ్లుంటాయి. నూనె యజమానిది, ఆ పళ్లకి మాత్రం అంత విలువ లేదు గనక నావికుల చేతికి వచ్చేవి. పన్ను మీద గరుకుగా గాళ్లుంటాయి. ముందు వాటిని చాకుతో గీకాలి, సొరచేప చర్మంతో రుద్దాలి. మన వడ్రంగులు ఉప్పుకాగితం పట్టినట్టన్నమాట. అద్దంలా నునుపు తేలాక తెరచాపలు కుట్టే సూదితోనో, చాకు మొనతోనో గీతలు గీసేవారు. దీపం మసి నూనెలో కలిపి పైన పూసి గుడ్డతో తుడిస్తే నునుపు మీద మసి పోతుంది, గీతలో మసి నిలుస్తుంది. అంతే విద్య. బొమ్మ వేయడం రానివాళ్లు పత్రికలో బొమ్మని పన్ను మీద అంటించి, కాగితం మీంచే సూదితో చుక్కలు పొడిచి, తర్వాత చుక్కలు కలిపేవారు. మన ఆడవాళ్ల ముగ్గే. అందుకే ఆ పళ్ల మీద ఉన్న ఇల్లాళ్లలో చాలామంది ఫ్యాషను పత్రికల్లోంచి దిగినవాళ్లు, ఆ నావికుల భార్యలు కారు.

ఫ్రెడరిక్ మైరిక్ అనే నావికుడు నంటుకెట్‌కు చెందిన సూసన్ అనే ఓడ మీద ఉండి 1828, 1829 సంవత్సరాల్లో ముప్ఫైకి పైగా పళ్లు చెక్కాడు, ఎక్కువ వాటి మీద తన ఓడ బొమ్మే. సంతకం చేశాడు, తేదీ వేశాడు. వాటిని ఈనాటికీ సూసన్ పళ్లు అంటారు, లక్షల డాలర్లు పలుకుతాయి. నాబోటివాడికి మ్యూజియం అద్దంలోంచి చూడటమే. న్యూ బెడ్‌ఫర్డ్‌లో తిమింగలాల మ్యూజియం ఒకటుంది, ప్రపంచంలో ఈ పనితనం అంత పెద్ద ఎత్తున ఉన్నది అక్కడే. మా ఇంటి నుంచి రెండు గంటల దారి. ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి కూడా ఈ పిచ్చి ఉండేది. అధ్యక్ష ముద్ర చెక్కిన పన్నొకటి ఆయన భార్య ఆయన శవపేటికలో పెట్టింది.

మరి చాకులెక్కడివి అంటారా? 1851లో వచ్చిన మోబీ డిక్ నవలలో మెల్విల్ ఈ పని గురించి రాస్తూ, కొందరి దగ్గర దంతవైద్యుడి పెట్టెలాంటి పనిముట్లు ఉన్నా ఎక్కువమంది ఒక్క మడత చాకుతోనే అన్నీ చెక్కుతారని చెప్పాడు. అంటే మొదట్లో చాకు పనిముట్టు, పన్ను వస్తువు. వేట తగ్గిపోయాక, నావికులు పోయాక, ఈ విద్య వేరేవాళ్ల చేతికి వచ్చి చాకు పిడి మీదకి ఎక్కింది. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నావికుడు స్వయంగా పిడి మీద బొమ్మ చెక్కుకున్న పాత మడత చాకు అసలైనది దొరకడం చాలా అరుదు. బజారులో "ఓడ చాకు, నూట యాభయ్యేళ్లది" అని ఎవరైనా చూపిస్తే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు అబద్ధం. నేను పోగుచేసేవి ఎక్కువగా 1970లు, 1980ల నాటివి. అప్పుడు అమెరికాలో చేత్తో చాకులు చేసే పనివాళ్లు పెరిగారు, వాళ్ల చాకుల మీద సూదిపని చేసే కళాకారులూ పెరిగారు. భూతద్దం కింద చూస్తే గీతలుండవు, వేల చుక్కలు. ఒక్క తోడేలు కంటికే ఒక పూట పడుతుందని ఒకాయన నాకు చెప్పాడు. పెద్ద కంపెనీలూ దిగాయి. పెన్సిల్వేనియాలోని కేస్ కంపెనీ 1970ల చివర్లో మోబీ డిక్ పేరు మీద ఒక చాకు వేసింది. న్యూయార్క్ రాష్ట్రం ఎలెన్‌విల్‌లోని ష్రేడ్ కంపెనీ దంతంలా కనిపించే ప్లాస్టిక్ పిడి మీద బొమ్మలు వేసి మామూలు జనానికి అందే ధరకి అమ్మింది. ఆ ఫ్యాక్టరీ 2004లో మూతపడింది.

నా మొదటిది ఆ ష్రేడ్ చాకే. మసాచుసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో ఏడాదికి మూడుసార్లు పాత సామాన్ల సంత జరుగుతుంది. మన తీర్థం అనుకోండి, మైలు పొడవునా పొలాల్లో గుడారాలు. 1989లో ఉయ్యాల కుర్చీ కొందామని మా ఆవిడతో వెళ్లాను. ఒక ముసలాయన బల్ల మీద తెల్ల పిడి చాకు, పిడి మీద మూడు స్తంభాల తెరచాప ఓడ. చేతిలోకి తీసుకోగానే చెయ్యి వణికింది. ఎందుకు వణికిందో ఆవిడకి చెప్పలేదు. పద్దెనిమిది డాలర్లు. ఉయ్యాల కుర్చీ ఇంతవరకు కొనలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే. ఒక వ్యాపారి, పేరెందుకు లెండి, నాకు నాలుగు వందల డాలర్లకి ఒక చాకు అంటగట్టాడు. 1850 నాటి తిమింగలాల వేటగాడిది, పిడి వాల్రస్ కోర అన్నాడు. ఇంటికొచ్చి పది రెట్ల భూతద్దం పెట్టాను. ఎముకకైతే సన్నటి నల్లటి చుక్కల్లాంటి రంధ్రాలుండాలి, ఒకప్పుడు అందులో రక్తం పారిన దారులవి. ఏనుగు దంతానికి అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటే వంపు గీతలుండాలి. వాల్రస్ కోరకి లోపల పాలరాయిలా మచ్చల గుజ్జుండాలి. నా చాకుకి ఇవేమీ లేవు, ఒక మూల చిన్న గాలి బుడగ మాత్రం ఉంది. జీవితమంతా ప్లాస్టిక్ అచ్చులు గీసినవాడిని, అచ్చులో పోసిన వస్తువుని గుర్తుపట్టలేకపోయాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, బ్లేడు మొదట్లో జర్మనీ అని ముద్ర ఉంది. అమెరికాలోకి వచ్చే సరుకు మీద ఏ దేశంలో తయారైందో వేయాలని 1890లో మెకిన్లీ సుంకాల చట్టంలో పెట్టారు. ఆ ముద్ర ఉన్న చాకు 1850ది ఎలా అవుతుంది? ముద్ర చదవడం వస్తే నాలుగు వందలు మిగిలేవి.

అప్పటి నుంచి చాకు చేతికొస్తే ముందు బొమ్మ చూడను, బ్లేడు మొదలు చూస్తాను. కంపెనీ జాతకమంతా అక్కడుంటుంది. కేస్ కంపెనీ 1970లో తన ముద్ర కింద పది చుక్కలు వేసింది. ఏడాదికొక చుక్క తీసేస్తూ వచ్చింది. మూడు చుక్కలుంటే 1977. ఇంకో అంకె కూడా ఉంటుంది. 6254 అని ఉందనుకోండి, మొదటి 6 అంటే పిడి ఎముక, 2 అంటే రెండు బ్లేడులు, 54 అంటే చాకు నమూనా. అక్షరం ముక్క లేకుండా ఇంత చెప్పారంటే నాకు మన లెక్కల మాష్టారు గుర్తొస్తారు. ఎముక అన్నాను కదా, కేస్ కంపెనీ వాడేది బ్రెజిల్‌లో పెరిగే జెబు పశువుల కాలి ఎముక. బ్రెజిల్ జెబుల్లో పెద్ద జాతి పేరు నెలోర్, అది ఇక్కడి నుంచి వెళ్లిన మన ఒంగోలు జాతి సంతానం. అంటే పెన్సిల్వేనియా చాకు పట్టుకున్నా చేతికి తగిలేది మనవాళ్లే కావచ్చు. ఇది చెబితే అక్కడి సంతల్లో ఎవరూ నవ్వరు, మీరు నవ్వారు, సంతోషం.

దాచుకోవడంలోనూ తప్పులు చేశాను. పాతకాలం సెల్యులాయిడ్ పిడులుంటాయి, చూడటానికి దంతంలానే ఉంటాయి. అవి ముసలివైతే కుళ్లినట్టయి ఆమ్లపు ఆవిరి వదులుతాయి, పక్కనున్న ఉక్కుని తినేస్తాయి. నేను తెలియక అన్నీ ఒకే సొరుగులో సర్దాను. ఒక చలికాలం తర్వాత తీసి చూస్తే మూడు మంచి చాకులు తుప్పుపట్టి మూసుకుపోయాయి. తోలు ఒరల్లో పెట్టకూడదు, ఇత్తడికి పచ్చ చిలుము పడుతుంది. దంతపు పిడిని స్పిరిటుతో తుడవకూడదు, బొమ్మ వెళ్లిపోతుంది. కీలులో మాత్రం ఒక్క చుక్క నూనె వేయాలి. మంచి చాకు తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కుమని మాట్లాడుతుంది. ఆ చప్పుడు వినిపించకపోతే లోపల స్ప్రింగు అలసిపోయినట్టు.

ఇక దంతం సంగతి దాటవేయలేను. నా నలభయ్యారింటిలో ఏడింటికి అసలు దంతమో, తిమింగలం పన్నో ఉంది. అన్నీ పాతవే, కానీ ఒక్కొక్కదాని వెనక ఒక జంతువు చచ్చింది. అమెరికాలో 1972లో సముద్రపు క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది, ఏనుగు దంతం వ్యాపారాన్ని 1989లో ప్రపంచ దేశాలు ఆపాలని నిర్ణయించాయి, 2016లో అమెరికా ఇంకా బిగించింది. ఇండియాలో 1991 నుంచి బయటి దేశపు దంతమైనా వ్యాపారం నిషేధం. కాబట్టి నా ఏడు చాకుల్ని నేను ఇక్కడికి తేలేను, అక్కడ అమ్మడమూ సులువు కాదు. కొందరు తోటి సేకరణదారులు దీని మీద కోపంగా ఉంటారు. నాకు కోపం లేదు. పార్వతీపురం వైపు పొలాల్లోకి ఏనుగులు వస్తున్నాయని మీరు తిట్టుకుంటూ చెబుతుంటే, అవి ఇంకా ఉన్నాయి కదా అని నాకు మనసులో అనిపిస్తుంది. పంట పోయినవాళ్ల ముందు ఆ మాట అనను. ఆ ఏడూ నా తర్వాత మ్యూజియానికి ఇవ్వమని రాసి పెట్టాను. మా అబ్బాయికి అవేవీ అక్కర్లేదు, వాడు పార్సిల్ డబ్బా కూడా తాళంచెవితో కోస్తాడు.

ఇప్పుడు మొదట్లో దాటేసిన దగ్గరికి వస్తాను.

మన డ్రాయింగ్ మాష్టారు మీలో చాలామందికి గుర్తుండాలి. తెల్ల పంచె, చెవి మీద పెన్సిలు, జేబులో మడత చాకు. ఆ చాకు పిడి తెల్లన. దాని మీద తీగలు, తీగల మధ్య ఒక చిలుక, సన్నటి నల్ల గీతలతో. "మా తాత చెక్కాడ్రా" అనేవారు. వాళ్లది విశాఖపట్నంలో దంతం పని చేసిన కంసాలుల ఇల్లు. పెన్సిలు చెక్కడమంటే ఆయనకి పూజ. నాలుగు పక్కలా సమానంగా, ములికి అంగుళం బయటకి. క్లాసులో ఒకరికి ఆ చాకిచ్చి అందరి పెన్సిళ్లూ చెక్కించేవారు. అది దొరకడం బహుమతి.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు మధ్యాహ్నం అది నా చేతికి వచ్చింది. అంతకుముందు పీరియడ్‌లో అది నా పక్క బెంచీ వాడి దగ్గరుంది. వాడు చెక్కేసి బల్ల మీద పెట్టాడు, నేను తీసుకుని బయటకి పరిగెత్తాను. క్రికెట్ స్టంపులో విరిగిన మేకు ఒకటి ఉండిపోయింది, దాన్ని పెకలిద్దామని. ఉక్కు సంగతి ఈ రోజు మీకు పాఠం చెప్పగలను. కోయడానికి గట్టిపరిచిన ఉక్కు మెలితిప్పితే తట్టుకోదు, విరుగుతుంది. ఆ రోజు ఆ పాఠం టప్పుమన్న చప్పుడుతో వచ్చింది. బ్లేడు సగానికి విరిగింది. నేను చుట్టూ చూసి, రెండు ముక్కలూ తీసుకెళ్లి వేపచెట్టు వెనక నూతిలో పడేశాను.

సాయంత్రం చాకు కోసం వెతికారు. ఆఖరున ఎవరి చేతిలో చూశారు అని అడిగితే అందరూ వాడి పేరు చెప్పారు. అబద్ధం కాదు, వాళ్లు చూసింది అంతే. మాష్టారు కొట్టలేదు. ఆయన ఏమీ అనలేదు, కుర్చీలో కూర్చుని జేబు తడుముకున్నారు. కొట్టింది వేరే మాష్టారు. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టాను, ఇక్కడ చెప్పను. వాడు "నాను కాదు సార్" అని రెండుసార్లు అన్నాడు, తర్వాత అనడం మానేశాడు. నేను మూడో బెంచీలో కూర్చున్నాను.

ఆ మర్నాటి నుంచి వాడికి చాకు అని పేరు పడిపోయింది. చాకుగా, ఇటు రారా. మీ అందరికీ తెలిసిన పేరే. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఆ పేరుతోనే ఉన్నాడు. చురుకైనవాడు కాబట్టి ఆ పేరనుకునేవాళ్లున్నారు, కారణం ఇది. క్లాసులో అందరికంటే బొమ్మలు బాగా వేసేది వాడు. ఆ తర్వాత డ్రాయింగ్ పీరియడ్‌కి రావడం మానేశాడు. డ్రాయింగు బల్ల మీద బతుకు గడిపింది నేను.

1990ల్లో ఒకసారి బ్రిమ్‌ఫీల్డ్‌లోనే ఒక పాత చాకు బ్లేడు మీద నక్షత్రం, పక్కనే నాలుగు కొమ్ముల క్రాసు చూశాను. ఒళ్లు జలదరించింది. పద్నాలుగేళ్ల వయసులో ఆ రెండు గుర్తుల్నీ వేలితో తడిమినవాడిని. అది ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌కి చెందిన జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ ముద్ర. దంతపు పిడులకి ఒకప్పుడు లోకంలో పేరుపడ్డ కంపెనీ. మాష్టారి చాకు అదన్నమాట. షెఫీల్డ్ నుంచి ఓడలో ఖాళీ పిడితో వచ్చింది, విశాఖలో చిలుకని ఎక్కించుకుంది.

కొన్నేళ్ల తర్వాత లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి వెళ్లాను. అక్కడ మన విశాఖపట్నం పెట్టెలు, కుర్చీలు ఉన్నాయి, కంపెనీ దొరల కోసం పద్దెనిమిదో శతాబ్దంలో చేసినవి. చెక్క మీద దంతపు రేకులు, రేకుల మీద సన్నగా చెక్కిన తీగలూ పూలూ, ఆ గీతల్లో నింపిన నల్ల లక్క. మసి బదులు లక్క, సూది బదులు ఉలి. మిగతాదంతా నంటుకెట్ నావికుడి పనే. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా రెండు సముద్రాల ఒడ్డున ఒకే పని. నా కళ్ల ముందు తీగ వంపు తిరిగిన తీరు నాకు తెలిసిందే. ఆ తీగల్లో చిలుక కోసం వెతుక్కున్నాను. గార్డు వచ్చి, వెనక్కి జరగండి సార్, అద్దం మీద ఊపిరి పడుతోంది అన్నాడు.

మాష్టారికి ఉత్తరం రాద్దామని మూడుసార్లు మొదలెట్టాను. ఆయన పోయారని 2003లో తెలిసింది. ఆ నుయ్యి ఇప్పుడు లేదు. బోరు వేశాక పలక వేసి మూసేశారు, దాని మీద సైకిల్ స్టాండు ఉంది. పొద్దున్న చూసి వచ్చాను.

నిన్న సాయంత్రం వాడింటికి వెళ్లాను. టీ తాగాం, మనవల గురించి మాట్లాడాం. తర్వాత చెప్పాను. మొత్తం చెప్పాను. వాడు గ్లాసు కింద పెట్టి, "నాకు తెలుసురా" అన్నాడు.

ఎలా తెలుసన్నాను.

"ఆ రోజు నుంచి నువ్వు నూతి నీళ్లు తాగడం మానేసినావు. ఇంటి నుంచి సీసాతో తెచ్చుకునీవోడివి. అప్పుడే అనుకున్నాను."

మరి ఎందుకు చెప్పలేదురా అంటే, "సెప్తే నీకూ పడేవి. నా దెబ్బలేటి తగ్గిపోతాయా?" అన్నాడు. నేను కాస్త తేలికపడ్డాను. అది చూసినట్టున్నాడు. "దెబ్బల సంగతి కాదురా. మాష్టారు నా పెళ్లికి వచ్చారు. అక్షింతలు వేసినప్పుడు కూడా నా మొహం చూడగానే ఆయన చెయ్యి జేబు మీదకి వెళ్లింది. ఆయనకైనా నువ్వు సెప్పాల్సింది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఈ విషయం సభలో చెప్పొచ్చా అని వాణ్ని అడిగాను. కాసేపు ఆలోచించి, "సెప్పు. నా పేరు మాత్రం సెప్పకు, అందరికీ తెలుసు" అన్నాడు. కాబట్టి చెబుతున్నాను. ఆ చాకు పోగొట్టింది నేను. ఆ పేరు నాది.

నా మొదటి చాకు, పద్దెనిమిది డాలర్ల ఓడ చాకు, పిడి ప్లాస్టిక్ కాబట్టి చట్టానికి అభ్యంతరం లేదు, పెద్ద పెట్టెలో వేసి తెచ్చాను. వాడికిచ్చాను. చాకు ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందని అక్కడివాళ్లకో నమ్మకం, పుచ్చుకున్నవాళ్లు ఓ చిల్లర నాణెం చేతిలో పెట్టాలి. అది చెబితే నవ్వి, లోపలికెళ్లి రూపాయి బిళ్ల తెచ్చిచ్చాడు. ఇదిగో, నా జేబులో ఉంది.

తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఓడ బొమ్మని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ బొమ్మ ఏసినోడికి గాలి తెలీదురా" అన్నాడు. ఏమైందన్నాను. "తెరచాపలు ఇటు ఉబ్బినాయి. జెండా అటు ఎగురుతోంది. ఒకే ఓడకి రెండు గాలులా?"

ముప్ఫయ్యయిదేళ్లు ఆ చాకు నా దగ్గరుంది. భూతద్దంతో చూశాను, అతినీలలోహిత దీపం కింద చూశాను, ముద్ర చదివాను, బరువు తూచాను. జెండా చూడలేదు.

చాకు ఇప్పుడు వాడి దగ్గరే ఉంది. చూడాలనుకున్నవాళ్లు భోజనాల దగ్గర వాణ్ని అడగండి. పిల్లలు మాత్రం తెరవకండి, వాదర ఇంకా పదునుగానే ఉంది. అడిగేటప్పుడు అసలు పేరు పెట్టి పిలవండి.